గంజి వార్చిన పాస్తా

నేను ఒక ఇనప మూకుణ్ణి. ఎంత నల్లగా ఉంటానంటే, ఒకసారి కరెంటు పోయినప్పుడు నాలో వండే దీనమ్మ అగ్గిపెట్టె నాలోనే పడేసి, నేను కనబడక ఇల్లంతా తడుముకుంది. నమ్మరా? మీ ఇష్టం. నేను చెప్పేదాంట్లో సగం నిజం, మిగతా సగం అంతకంటే నిజం.

పుట్టింది బిట్రగుంట రైలు షెడ్డులో. ఆవిరి ఇంజన్లు బతికున్న రోజులవి. ముసలి ఇంజను ఒకటి ఇక లేవనని కూలబడితే, దాని పొట్ట కోసి ఇనప రేకులు తీశారు. అందులో ఒక ముక్క దేవసహాయం కంట్లో పడింది. ఇంజను పొయ్యిలోకి పారతో బొగ్గు ఎగేసే ఫైర్‌మన్ అతను. షెడ్డు కమ్మరిని బతిమాలి, ఆ ముక్కని గుంటగా కొట్టించి, రెండు చెవులు అతికించాడు. దెబ్బ పడ్డప్పుడల్లా నేను కూత పెట్టాను. ఆ కూత విని అవతలి లైన్లో ఉన్న గూడ్సుబండి తనకే పచ్చజెండా ఊపారనుకుని బయల్దేరి, కావలి దాకా పోయి గానీ ఆగలేదు. ఇప్పటికీ పొయ్యి ఎక్కించగానే నాకు ఎటో బయల్దేరాలనే ఉంటుంది. ఏం చేస్తాం, చక్రాలు లేవు.

దేవసహాయం నాలో తునకలు వండేవాడు. తునకలంటే ఎండలో తాడు మీద ఆరేసి ఎండబెట్టిన పెద్దకూర. ఎర్రటి బొగ్గుల మీద అవి ఉడుకుతుంటే ఆ వాసనకి మద్రాసు మెయిలు డ్రైవరు సిగ్నల్ లేకుండానే బండి ఆపి, విస్తరాకు పట్టుకుని దిగాడు. పెట్టెల్లో జనం కిటికీలు తెరిచి ముక్కులు బయటపెట్టారు, ఆనక చేతులు చాపి పెట్టించుకున్నారు. కడుపు నిండాక వాళ్ళే ఆ కిటికీలు మూసుకుని, ఏమిటీ వాసన అన్నారు. మనుషుల్లో నాకు ఎప్పటికీ అంతుపట్టనిది అదే. ఆకలప్పుడు పిలిచిన వాసన, తిన్నాక అంత పరాయిదెలా అయిపోతుంది?

దేవసహాయం కొడుకు దీనమ్మని చేసుకుని గుంటూరులో కాపురం పెట్టినప్పుడు, మామగారు కోడలి చేతికి నన్నిచ్చి, "సబ్బు పెట్టి తోమావంటే ఊరుకోనమ్మాయ్. వేన్నీళ్ళతో కడిగి నూనె రాయి. నీకంటే ఎక్కువ కాలం బతుకుద్ది" అన్నాడు.

కొత్త కోడలితో అనాల్సిన మాటేనా అది? దీనమ్మ మాత్రం నవ్వేసి, ఆ రోజు నుంచీ నన్ను బిడ్డలా సాకింది. ఆదివారం గుడి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా నాలో కూర పెట్టేది. భర్త పోయిన ఏడాది కూడా నేను ఒక్కపూట గోడకి వేలాడలేదు. పక్కన కూర్చుని ఏడ్చింది, ఏడుస్తూనే ఉల్లిపాయలు వేయించింది. కన్నీళ్ళు దేనివని అడిగినవాళ్ళకి ఉల్లిపాయలు చూపించింది.

ఇప్పుడా ఇంట్లో ముగ్గురు. దీనమ్మ, కొడుకు మోజేసు, కోడలు ప్రిస్కిల్లా. మోజేసు మిర్చియార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. సాయంత్రం వాడు చొక్కా విప్పి దులిపితే వీధి వీధంతా తుమ్ముతుంది. ప్రిస్కిల్లా ఆసుపత్రిలో నర్సు. పొద్దుట పోయిన పిల్ల దీపాలు పెట్టాక గానీ రాదు. ఈలోగా దీనమ్మ అన్నానికో గిన్నె, పప్పుకో గిన్నె, కూరకి నేను, పచ్చడికి రోలు, పెరుగుకో తపేలా, ఇలా వంటగదినంతా పనిలోకి దింపేది. మోకాళ్ళు పట్టేసినా మానేది కాదు. వండటం అయిపోయేసరికి సింకు నిండిపోయేది. డ్యూటీ నుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పి, నేరుగా ఆ సింకు ముందే నిలబడేది. గొణిగేది కాదు. కానీ గిన్నెలు పెట్టే చప్పుడులో అలసట వినబడేది. గిన్నెల భాష గిన్నెకి తెలియదా?

ఒకరోజు మోజేసు అన్నాడు, "అమా, సోమవారం నుంచి క్యారియరు కట్టించుకుందాం. మెస్సువాడితో మాట్లాడొచ్చా. రెండు పూట్లా ఇంటికే తెచ్చిస్తాడు. నీ మోకాళ్ళకీ సుఖం, ఈ పిల్లకీ సుఖం."

"పొయ్యి వెలిగించకుండానా?" అంది దీనమ్మ.

"టీకి వెలిగించుకో. ఎవరొద్దన్నారు?"

వాళ్ళు అవతలికి వెళ్ళాక దీనమ్మ నాకు నూనె రాస్తూ, "విన్నావంటరా? నిన్నూ నన్నూ కూచోబెడతారంట. వండని దాన్ని ఈ ఇంట్లో ఎవరనుకోవాలి నేను? చుట్టపుచూపుకొచ్చిన దాన్నా?" అంది.

గుమ్మం దగ్గర నిలబడి ప్రిస్కిల్లా ఆ మాట వింది. మర్నాడు భోజనాల దగ్గర మొగుడితో, "ఒక్క గిన్నెలో మొత్తం అయిపోయే వంటుంది. మా వార్డులో సిస్టర్ చేసి తెచ్చింది. కైమా, పాస్తా, చీజు, అన్నీ కలిపి ఒకే మూకుట్లో. అరగంట పని. సింకులో ఒక్క గిన్నే పడుద్ది. అట్లా కుదిరితే క్యారియరెందుకు?" అంది.

"మా అమ్మా? ఒక్క గిన్నెలోనా?" అని మోజేసు విరగబడి నవ్వాడు. "మా అమ్మ మంచినీళ్ళు కాయటానిక్కూడా మూడు గిన్నెలు తీసుద్ది."

"నువ్వు పుట్టినప్పుడు ఒక్క గిన్నెలోనే కదరా నీళ్ళు కాచి పోశారు, నీ మొహానికి అదే ఎక్కువని" అంది దీనమ్మ.

"సరే. బుధవారం చూద్దాం. నేనొచ్చేసరికి సింకులో ఒక్కటే ఉండాలి. కుదరకపోతే క్యారియరే."

పందెం నా నెత్తిన పడింది.

బుధవారం నాకు పొద్దుటి నుంచే ఆత్రం. ఇన్నేళ్ళలో నేను చూడని తిండి ఉంటుందా? ప్రిస్కిల్లా కొనిపెట్టిన పొట్లం వైపే చూస్తూ కూర్చున్నాను. దీనమ్మా అంతే. పొట్లం చించి ఒకటి తీసి కంటికి ఆనించి, గొట్టంలోంచి నావైపు చూసింది. నేనూ ఆ కన్నంలోంచి ఆవిడ కన్ను చూశాను. ఇది పిల్లలు వేళ్ళకి తొడుక్కుని తినే గొట్టాల్లాంటిదేననీ, నూనె పోస్తే పొంగుతుందనీ ఇద్దరం అనుకున్నాం. ఇద్దరమూ పొరబడ్డాం.

కోడలు రావాల్సిన వేళకి ఫోనొచ్చింది. "అత్తయ్యా, ఇక్కడ ఎమర్జెన్సీ వచ్చింది, లేటవుద్ది. మీరు మొదలెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, కైమా ఎర్రగా వేయించండి. టమాటాలు, కారం వేసి మగ్గాక గొట్టాలు, నీళ్ళు, పాలు పోసి మూతపెట్టండి. అంతే."

"అంతేనా? అల్లం?"

"మీ ఇష్టం."

ఆ మాటే కావలసింది దీనమ్మకి. అల్లం పడింది, గరంమసాలా పడింది. పెద్దకూర కైమా నాలో చిటపటలాడి ఎర్రబడుతుంటే నాకు మళ్ళీ బిట్రగుంట బొగ్గుల వేడి తగిలినట్టయింది. తర్వాత గొట్టాలొచ్చి పడ్డాయి. పాలూ నీళ్ళూ కలిసి ఉడుకుతుంటే వాటిలోకి దూరుతూ ఈ చివర పోయి ఆ చివర బయటపడుతోంది రసం. ఓహో, కన్నం ఇందుకన్నమాట! అప్పడం నుంచి అరిసె దాకా చూసినవాణ్ణి, పొట్టలో దారి పెట్టుకుని పుట్టిన తిండిని అదే చూడటం.

దీనమ్మ మూత తీసింది. రసం చిక్కబడి, తెల్లగా నురగ కట్టి పొంగుతోంది. ఇలా నురగ కట్టి పొంగేదాన్ని ఆవిడ తన బతుకులో ఒక్కటే ఎరుగు, అన్నం. అన్నం పొంగితే చెయ్యాల్సిన పనీ ఒక్కటే ఎరుగు. నేను అరుద్దామనుకున్నాను. పొయ్యిమీద ఉన్న మూకుడు ఎంత అరిచినా ఉడుకుతోందనే అనుకుంటారు. దీనమ్మ చెంగుతో నా చెవులు రెండూ పట్టి, పళ్ళెం అడ్డం పెట్టి, గిన్నెలోకి శుభ్రంగా గంజి వార్చేసింది.

కాసేపటికి ప్రిస్కిల్లా లోపలికొచ్చింది. నాలోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయింది. గొట్టాలు ఒకదానికొకటి అంటుకుని, ఎండిపోయి, బెదిరిన గొర్రెల్లా ఓ పక్కకి చేరున్నాయి.

"అత్తయ్యా, నీళ్ళేవీ?"

"వార్చాగా."

"వార్చారా? రుచంతా అందులోనే ఉంటుంది అత్తయ్యా! అది చిక్కబడి కూరవ్వాలి! పారబోశారా?"

దీనమ్మ మొహం మాడిపోయింది. వీధి చివర మోజేసు బండి చప్పుడు ఇంకా రాలేదు గానీ, వచ్చే వేళే. ఇంత దాకా పొయ్యి దగ్గర ఎవరి చేతా మాటపడని మనిషి, నా చెవి పట్టుకుని మెల్లగా అంది, "ఇంక క్యారియరే తెప్పించుకోండమ్మాయ్. నాకు చాతకాదు."

"ముందు చెప్పండి. పారబోశారా?"

"గంజి పారబోస్తానంటే? అంత కాని కడుపున పుట్టలేదు నేను. ఉప్పేసుకుని..." దీనమ్మ గిన్నె చూపించింది. "కాసింత తాగా."

గిన్నెలో సగమే ఉంది. కోడలు గిన్నె వైపూ అత్త వైపూ చూసింది. దీనమ్మ పైపెదవి మీద టమాటా రంగు మీసం ఉంది.

"బాగుందే" అంది దీనమ్మ నేరం ఒప్పుకుంటున్నట్టు. "గుక్కెడని మొదలెట్టా."

ప్రిస్కిల్లా పకపకా నవ్వింది. ఆ ఇంట్లో సాయంత్రం పూట ఆ పిల్ల నవ్వగా వినడం నాకదే మొదటిసారి. నవ్వుతూనే మిగిలిన రసం నాలోకి తిరగపోసింది, లోటుకి పాలు పోసింది. పచ్చటి దిమ్మె ఒకటి తీసి తురుముతుంటే దీనమ్మ అనుమానంగా వాసన చూసి, "బట్టల సబ్బు కాదుగా?" అంది. చీజు నాలో పడింది. కరిగింది, పాకింది, గొట్టాల్లో దూరింది. గరిటె ఎత్తితే తీగలు తీగలుగా సాగింది. దీనమ్మ ఆ తీగ ఎంతదాకా వస్తుందో చూద్దామని గరిటె పట్టుకుని వెనక్కి నడిచింది, నడిచింది, వాకిట్లోకి వెళ్ళింది. వీధి మలుపు దాకా సాగిందని నేను చెబితే మీరు ఎలాగూ నమ్మరు.

మోజేసు వచ్చాడు. అందరూ తుమ్మి ముక్కులు తుడుచుకున్నాక నేరుగా సింకు దగ్గరికి పోయి చూశాడు. "గంజి గిన్నె ఉందే ఇక్కడ! పందెం ఒక్క గిన్నె కదా?"

"ఆ గిన్నె లేకపోతే నీకు కూర లేదు" అంది ప్రిస్కిల్లా. "కూచో."

కూర్చున్నాడు. తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. ముగ్గురూ ఒకే వేళకి, ఒకే చోట కూర్చుని తినడం ఎన్నాళ్ళకి జరిగిందో వాళ్ళెవరికీ గుర్తులేదు. చివరికి మోజేసు నన్ను దగ్గరికి లాక్కుని, అంచున పట్టిన చీజుని వేలితో గీకి నాకటం మొదలెట్టాడు.

"మూకుడు నాకకురా, పెళ్ళిలో వాన పడుద్ది" అంది దీనమ్మ.

"నా పెళ్ళయిపోయిందిగా?"

"అందుకే కదరా పందిరి కూలింది. చిన్నప్పుడు తక్కువ నాకావా?"

వాడు వేలు నోట్లోంచి తీయకుండానే రెండో చేత్తో ఫోనందుకుని మెస్సువాడికి కలిపాడు. "అన్నా, సోమవారం నుంచి క్యారియరొద్దులే... ఏం లేదన్నా. మా ఇంట్లో వంటమనిషి ఊరుకోటంలా."

"ఎవర్రా వంటమనిషి?" అని దీనమ్మ గరిటెత్తింది. గొంతు మాత్రం కోపంగా లేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో వారం మధ్యలో నాదే రాజ్యం. గొట్టాలే కాదు, గవ్వల్లాంటి పాస్తా, సీతాకోకచిలకల్లాంటి పాస్తా కూడా నాలో ఈదాయి. రేపేం వస్తుందోనని పగలంతా పొయ్యి పక్కన ఆలోచిస్తూ కూర్చుంటాను. నా ఈడు ఇనుమంతా తుక్కు కొట్టుకి చేరింది, నాకు తీరికెక్కడిది?

ఒక్క సంగతి మాత్రం మోజేసుకి చెప్పకండి. చీజు వేసే ముందు దీనమ్మ నాలోంచి గరిటెతో రెండు గ్లాసుల రసం పక్కకి తీస్తుంది. డ్యూటీ నుంచి వచ్చిన ప్రిస్కిల్లా ఇప్పుడు సింకు దగ్గరికి పోదు. చెప్పులు విప్పి, గడప మీద అత్త పక్కన కూలబడి, "నాదేదీ?" అని చెయ్యి చాస్తుంది. ఇద్దరూ ఊదుకుంటూ తాగుతారు. ఆసుపత్రి కబుర్లన్నీ అయ్యేసరికి ఇద్దరికీ మీసాలొస్తాయి.

ఆనక మోజేసు పళ్ళెం ముందు కూర్చుని, "ఏందమా, ఇవాళ పాస్తా కొంచెం గట్టిపడిందే?" అంటాడు.

"మూకుడు పాతదిరా, పీల్చేసుకుంటంది" అంటుంది దీనమ్మ.

నేను నోరెత్తను.