లోపలికి మడిచిన పట్టీ

మా ఆయన గణేష్ ధర్మవరంలో ఒక పట్టుచీరల షాపులో పదకొండేళ్ళుగా చీరలు మడతపెడుతున్నాడు. కొనేవాళ్ళ ముందు పరవడం, వాళ్ళు పోయాక మడవడం, అదే పని. ఎక్కడైనా ఒక పోగు బయటికి కనబడితే వేలితో లోపలికి తోసేస్తాడు. ఇంట్లో దుప్పటి కొసల్నీ వదలడు, నా జడ రిబ్బన్నీ వదలడు.

అలాంటి మనిషికి ఈ ఏడు కయాక్ పిచ్చి పట్టింది. ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ అది. హిందూపురం నుంచి అనిల్ కుమార్ అనే కోచ్ ఆదివారాలు వచ్చి మా చెరువులో నేర్పిస్తున్నాడు. డిసెంబరులో గోదావరి మీద, భద్రాచలం నుంచి సముద్రం దాకా పన్నెండు రోజుల ప్రయాణమట. ఆరుగురికే చోటు.

"ఇన్నేండ్లూ పెనుకొండ దాటి యాడికీ పోల్యా. ఈసారి సముద్రం చూడాల," అన్నాడు గణేష్. ఆ మాటన్నప్పుడు అతని ముఖం చూస్తే నాకు నిజంగానే జాలేసింది.

"నన్నూ పిల్చుకపో అప్పా. నేను బస్సులో వస్తా," అన్నాను.

"నువ్వెక్కితే బస్సు గూడా మునుగుతాది," అన్నాడు, పక్కింటివాళ్ళకు వినబడేలా. వాళ్ళు పగలబడి నవ్వారు. నా జాలి అక్కడితో సరి.

కయాక్‌లో కూర్చున్నాక, నడుము చుట్టూ బిగించి పడవ నోరంతా కప్పే గుడ్డ ఒకటి ఉండాలి, లోపలికి నీళ్ళు రాకుండా. నేను జాకెట్లు కుట్టేదాన్ని కాబట్టి ఆ పని నా మీద పడింది. అనిల్ కొలతలిస్తూ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"అక్కా, ముందర ఈ పట్టీ బయటికే ఉండాల. పడవ తలకిందులైతే మనిషి దీన్ని పట్టుకోని లాగాల. అప్పుడే గుడ్డ ఊడేది, మనిషి బయటికొచ్చేది."

రెయిన్‌కోటు గుడ్డ తెచ్చి, దిట్టమైన ఎలాస్టిక్ వేసి, మూడు రోజులు కూర్చుని కుట్టాను. పట్టీ జానెడు, ఎర్రది, బయటికి. గణేష్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "ఇదేందే, ఎనుము నాలిక మాదిరి యాలాడతాండాది. సెకండ్స్ సరుకు!" అన్నాడు. నా చేతిపని గురించి అతను మంచిమాట అన్న రోజు ఒక్కటి కూడా గుర్తులేదు నాకు.

నేర్పడం అయిపోయాక ఒక ఆదివారం పరీక్ష. పడవను కావాలనే బోర్లేసుకుని, పట్టీ లాగి బయటికి రావాలి. సామాను తప్పయితే వచ్చేవారం ఇంకో అవకాశం, మనిషి తప్పయితే పేరు కొట్టేస్తానని అనిల్ ముందే అందరికీ చెప్పాడు.

షాపువాళ్ళంతా ఫోన్లు పట్టుకుని ఒడ్డుకు చేరారు. గణేష్ పడవలో కూర్చుని గుడ్డను చుట్టూ సాపు చేసుకున్నాడు. ఫొటోకు నవ్వుతూనే ఎర్ర పట్టీని వేలితో లోపలికి తోసేశాడు. చెయ్యి చేసిన పని అతనికి తెలియనే లేదు.

నేను చూశాను. పది అడుగుల దూరంలో ఉన్నాను. అరవడానికి నోరు కూడా తెరిచాను.

"కుట్టింది మా ఆడది. ఇంగ దేవుడే కాపాడాల!" అన్నాడు షాపువాళ్ళతో. అందరూ నవ్వారు. నేను నోరు మూసుకున్నాను.

పడవ బోర్లాపడింది. రెండు చేతులు పైకొచ్చి పడవను కొట్టాయి. షాపువాళ్ళు అది ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చేతులు మళ్ళీ తేటనీళ్ళ కిందికి పోయి, పట్టీ ఉండాల్సిన చోట వెతికాయి. వెతికి వెతికి గుడ్డను గీరాయి. నేను అంతా చూస్తూనే ఉన్నాను. అప్పటికి గానీ అనిల్‌కు అనుమానం రాలేదు. దూకి పడవను తిరగేశాడు.

గణేష్ చెరువునీళ్ళు కక్కాడు. ఊపిరి అందగానే, "దాని కుట్టే... దాని కుట్టే నన్ను సంపుతాండె," అన్నాడు.

అనిల్ గుడ్డ లోపల వేలుపెట్టి పట్టీని బయటికి లాగాడు. "అక్కా, కుట్టేటప్పుడే ఇట్ల లోపలికి పోయిండెనా?"

గణేష్ ఆ పట్టీనీ, తన వేలినీ చూసుకుని, నావైపు చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి అతను నన్ను బతిమాలుతూ చూడటం అదే మొదటిసారి. అవును, నా తప్పే అని ఒక్క మాటంటే చాలు, అతనికి ఇంకో ఆదివారం దొరుకుతుంది. సముద్రం దొరుకుతుంది.

"నేను బయటికే కుట్టినా. ఆయప్పే మడిచినాడు," అన్నాను. "మడిచేది అలవాటు కదా."

అనిల్ అక్కడే పేరు కొట్టేశాడు.

గుడ్డ పిండి నేను చంకలో పెట్టుకున్నాను. ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం. గడప దగ్గర గణేష్ ఆగాడు. పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"మడిచేటప్పుడు నువ్వు చూసినావా?"

"చూసినా."

"నేను మునగకముందేనా?"

"ముందే."

నేను గుడ్డ విప్పి అతని ముఖం ముందు పరిచాను, షాపులో అతను చీర పరిచినట్టే.

"ఎంత గట్టిగా కుట్టినానో చూడప్పా," అన్నాను. "అంత గీరినా ఒక్క కుట్టూ ఊడల్యా."