మిల్లు క్వార్టర్ల మట్టి

చిక్కడపల్లి మార్కెట్లో కొన్న గోంగూరను గిన్నెలో వేయగానే నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. వేళ్లకంటిన మట్టిని విజయశ్రీ అలవాటుగా నలిపి చూసుకుంది. "ఇంట్ల గూడ ల్యాబేనా? జర జల్దీ కానియ్యి" అన్నాడు భర్త కిషన్ రావు. నారాయణగూడలోని ప్రభుత్వ ప్రయోగశాలలో ఇన్నేళ్లుగా ఆమె చేసేది మట్టి పరీక్షలే. అశోక్‌నగర్‌లోని ఈ ఇంట్లో మాత్రం ఆ పనికి పేరు 'బయట తిరుగుడు'.

ఆమె పుట్టింది ఒక బట్టల మిల్లు ఊళ్లో. నాన్న అద్దకంలో పనిచేసేవాడు. క్వార్టర్ల వెనుక కాలువ ఒకరోజు ఎర్రగా, మరోరోజు నీలంగా పారేది. రేపు ఏ రంగొస్తుందోనని పిల్లలు పందేలు కాసేవాళ్లు. ఆ నీళ్లతోనే అమ్మ పెరట్లో బీరపాదు పెంచింది. నలభై ఏళ్లు నిండకుండానే అమ్మ పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేదు. మిల్లు మూతపడ్డాక ఊరు వదిలారు. పెళ్లయి ఎన్నేళ్లయినా, 'మా ఇల్లు' అనుకోగానే విజయశ్రీ కళ్లముందుకొచ్చేది ఆ రెండు గదులే, ఆ పెరడే, తడి మట్టిలో కూర్చుని పాదుకు నీళ్లు కడుతున్న అమ్మ వీపే. "మీ పుట్టింటోళ్లకు జాగనే లేకపాయె" అని అత్తమ్మ అన్నప్పుడల్లా ఆ పెరడు మరింత దగ్గరికొచ్చేది.

మూతపడ్డ మిల్లుల ఊళ్లలో నేల ఎంత విషమైందో తేల్చడానికి నిధులివ్వమని సర్కారును అడిగి అడిగి ఒప్పించింది ఆమే. చివరికి నిధులొచ్చాయి. మొదటి ఊరు తన ఊరే.

ఆ రోజు డైరెక్టర్ రామచంద్రరావు ఆమెను పిలిచి, "ఊరికి ఫణికిరణ్ వెళ్తాడండీ. మీరిక్కడుండి రిపోర్టు రాద్దురుగాని" అన్నాడు. ఫణికిరణ్ కొత్తగా చేరినవాడు.

"ఎందుకు సార్?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మీ వారే అడిగారండీ. మొన్న గానసభ కచేరీలో కలిశారు. ఇంట్లో పెద్దావిడకి ఇబ్బందవుతుందన్నారు. మీ మంచికే కదా."

పీహెచ్‌డీ వద్దన్న మాట కిషన్ రావు తనతో అనలేదు, నాన్నతో అన్నాడు. క్యాంపులకని ఊళ్లు తిరగొద్దన్నది తన అక్కతో. తన గురించి ఇద్దరు మాట్లాడుకునే చోట తానెప్పుడూ ఉండదు. తీర్పు మాత్రం ప్రేమలో చుట్టి ఇంటికి తెస్తారు. తాను కూడా ఇన్నాళ్లూ దాన్ని విప్పకుండానే తీసుకుంది.

"నా పని గురించి నన్నడగండి సార్. ఆ కాలువ ఎక్కడ పూడ్చారో నాకు తెలుసు. నేనే వెళ్తాను."

ఆయన సరేనని, క్యాంపు కాగితంలో ఫణికిరణ్ పేరు పైన ఆమె పేరు రాశాడు.

"అమ్మకు వంటెవరు చేస్తరు?" అన్నాడు కిషన్ రావు సాయంత్రం.

"మీరున్నరు గద."

"నాకేమొస్తది?"

"నాకు గూడ పుట్టుకతోటి రాలే."

ఊళ్లో మిల్లు క్వార్టర్లు కూలిపోయి ఉన్నాయి. మొండిగోడల మధ్య తమ పెరడును వెతుక్కుని విజయశ్రీ అక్కడ నిలబడింది. ఫణికిరణ్ మట్టి తీసే గొట్టాన్ని నేలలోకి దించి పైకి తీశాడు. పైన నల్లమట్టి, కింద బూడిద, ఆ కింద నీలం. గుప్పున ఘాటు వాసన. అమ్మ కూర్చునే చోటు అది. విజయశ్రీ అక్కడే కూర్చుని ఆ మట్టిని చేతుల్లోకి తీసుకుంది. ముఖానికి పూసుకోవాలనిపించింది. చేతులకు తొడుగులున్నాయి. ఇన్నేళ్లు కలవరించిన మట్టిని ఉత్త చేత్తో తాకడానికి లేదు.

పక్క గుడిసె ముసలామె వచ్చి రెండు బీరకాయలు చేతిలో పెట్టింది. "ఈడనే కాసినయి బిడ్డా."

"పరీక్షలయ్యేదాక ఇవి తినకు పెద్దమ్మా."

"మరి నేల మంచిగ జేస్తరా?"

"సర్కారు ఇప్పుడు పైసలిచ్చింది పరీక్ష జేసి చూసేటందుకే." ముసలామె ముఖం వాడిపోయింది. "మంచిగ జేసేటందుకు గూడ సర్కారునడుగుత పెద్దమ్మా. ఇచ్చేదాక అడుగుత."

ఫోన్ మోగింది. "ఎల్లుండి వస్తున్నవు గద?" అన్నాడు కిషన్ రావు.

"రాను. ఈడి బోర్ల నీళ్లు గూడ చూడాలె."

"ఇల్లు గుర్తున్నదా నీకు?"

విజయశ్రీ మొండిగోడల వైపు చూసింది. "ఇంట్లనే ఉన్న" అంది.