మూడో గడి

నేను ఒక సర్వే కాగితాన్ని. నా ముఖాన అచ్చువేసిన ఇరవై నాలుగు ప్రశ్నల్లో కోపం గురించి ఒక్కటీ లేదు. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను.

నన్ను ఒక విశ్వవిద్యాలయంలో, ఫ్యాను కింద కూర్చుని తయారుచేశారు. ఆసియాలో ఐదు దేశాల సేద్యం ఎంత ఆధునికమైందో కొలవాలట. పోల్చాలంటే అన్నిచోట్లా ఒకే ప్రశ్నలుండాలన్నారు. కొండవాలు మడికీ సముద్రపు పల్లానికీ ఒకే కొలతతో చొక్కా కుట్టారు. పట్టనిచోట చొక్కాను వదిలేసి ఒంటిని కత్తిరించారు.

ఇమ్మానుయేలు అనే పరిశోధక విద్యార్థి నన్ను గోదావరి డెల్టాలో ఒక ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ నూకరత్నం రెండెకరాలు కౌలుకు చేస్తోంది. గట్టుమీద కూర్చుని ఒక్కొక్కటే అడిగాడు. ఇరవై రెండో ప్రశ్న: వరి నాట్లు వేసే యంత్రం ఎందుకు వాడడం లేదు? జవాబుకు మూడే గళ్లు. స్తోమత లేదు. తెలియదు. పాత పద్ధతి మీద మమకారం.

ఆమె మూడూ విని, కాలి బురద గీక్కుంటూ అంది: "వాడకేమండి, నిరుడు వాడాను. నారంతా నీళ్లలో తేలిపోయింది. చేలో నీళ్లు బయటికి పోయే మురుగు బోదె పూడిపోయి ఏడేళ్లయిందండి. అది తవ్వించమని రాయండి. నీళ్లు దిగితే మిషను నేనే తోల్తాను. ఈ ఏడూ మునిగితే మటుకు కౌలు వదిలేసుకోడమే."

ఆ జవాబుకు గడి లేదన్నాడు.

"లేకపోతే గీయండి బాబూ. పెన్ను మీ చేతిలోనే ఉందిగా."

అతను సిగ్గుపడి, ఆమె మాటలన్నీ నా అంచున రాశాడు. నా ఒంటిమీద నిజమైన జవాబు అదొక్కటే.

తిరిగొచ్చాక, అతని గైడు ప్రొఫెసరు భుజంగరావు దానిమీద ఎర్రగీత కొట్టారు. అంచుల్లో రాసింది కంప్యూటరు చదవదన్నారు. ఒక్క మనిషి కోసం గడి పెంచితే మిగతా నాలుగు దేశాల గతేమిటన్నారు. మూడో గడిలో టిక్కు పెట్టారు. ఇమ్మానుయేలు నోట్లో మాట ఉంది, ఆయన సంతకం కావలసిన థీసిస్ కూడా ఉంది. మాటను మింగాడు. అతన్ని తిట్టుకుందామనుకున్నాను. కానీ ఆ మూడు గళ్లూ నావి. మనిషిని అవమానించడానికి నన్ను మడతపెట్టి పంపితే, బుద్ధిగా వెళ్లాను.

రైతుల మనసు మారాలని నివేదిక తేల్చింది. బోదె తవ్వలేదు. మనసులు తవ్వడానికి ఆ ఊళ్లోనే శిక్షణ శిబిరం పెట్టారు. వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని నామీదే హాజరుపట్టీ రాశారు.

ముందు వరసలో నూకరత్నం. చీర మోకాళ్లదాకా తడిసి ఉంది. చేను అప్పటికే మునిగింది. సంతకానికని నన్ను అందుకుని, ఎందుకో తిప్పి చూసింది. కూడబలుక్కుని చదివింది. తల ఎత్తి, వేదిక పక్కన నిలబడ్డ ఇమ్మానుయేలును అడిగింది.

"ఇది నా మాటేనండి. ఎందుకు కొట్టేశారు?"

అతను గోడమీది పటం వైపు చూశాడు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. సంతకం చేయలేదు. లేచీ వెళ్లలేదు. ఉపన్యాసం ముగిసేదాకా అక్కడే, కళ్లార్పకుండా కూర్చుంది.

ఇప్పుడు ఆఫీసు బీరువాలో ఉన్నాను. నా ముందువైపు ఆమెది పాతమీద మమకారమని ఉంది. వెనకవైపు, ఆమె పేరుకెదురుగా, గుమాస్తా గుండ్రటి అక్షరాలతో రాశాడు: గైర్హాజరు.