కింది చెయ్యి

బట్ట బిగించడం అయ్యాక కోడలు అలవాటు ప్రకారం వేలితో మీటి చూసింది. డప్పులా మోగాలి. మోగింది. ఇది నేసే మగ్గం కాదు, నాలుగు కర్రల చట్రం. దాని మీద బట్టను తిరగేసి లాగి కట్టి, కొస దగ్గర వంకీ ఉన్న సన్నటి సూదితో పైనుంచి పొడుస్తారు. దారం కింద ఉంటుంది. కింది చెయ్యి దారం అందిస్తుంది, పై చెయ్యి సూదితో దాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు. గొలుసుకుట్టు అంటే అంతే. ఆ అంతే అనేదాన్ని ఆమె ఇరవై రెండేళ్ళుగా కుడుతోంది.

ఆమెకి పేరు లేక కాదు. పెళ్ళయిన నాలుగో రోజున అత్తగారు ఈ మేడ మీది గదికి తీసుకొచ్చి "మా కోడలు" అంది. అందరూ దాన్నే ఖాయం చేశారు. గది నడిపే మేడమ్ "కోడలూ, ఆ కత్తెర ఇటివ్వు" అంటుంది. కిటికీ దగ్గర కూర్చుని లేసులు కుట్టే లేసావిడ, వయసులో పదేళ్ళు పెద్దది, తనూ "కోడలూ" అనే పిలుస్తుంది. అత్తా కోడళ్ళు ఒకే మగ్గానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఇన్నేళ్ళు పోట్లాడకుండా ఉండడం లోకంలో ఎక్కడా చూడలేదని కూడా అంటుంది. పోట్లాటకి ఇద్దరు కావాలి. కోడలికి నోట్లో నాలుక లేదు. ఉన్నదల్లా భయం.

కుక్కంటే భయం, కుక్కర్ విజిలంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. తన స్టాపు వచ్చిందని బస్సులో గట్టిగా చెప్పలేక, రెండు స్టాపులు ముందుకు పోయి, ఎవరో దిగుతుంటే వాళ్ళ వెనకాలే దిగి నడిచి వెనక్కి వచ్చిన రోజులు లెక్కలేనన్ని. ఎందుకు ఆలస్యమైందని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మొగుడు మంచివాడే. సరుకుల లారీ మీద నెలకి ఇరవై రోజులు తిరుగుతాడు, మిగిలిన పది రోజులూ నిద్రపోతాడు. అతన్ని లేపాలన్నా ఆమెకి భయమే.

అందరికన్నా అత్తగారంటే ఎక్కువ భయం. ఆవిడ ఏనాడూ చెయ్యి చేసుకోలేదు, అరవనూ లేదు. "ఊఁ" అంటుంది, అంతే. ఆ ఊఁలలో ఎన్ని రకాలున్నాయో కోడలికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ మగ్గం మీద పూసల పని అత్తగారిది. అదీ గొలుసుకుట్టే, కాకపోతే దారానికి ముందే పూసలు గుచ్చి పెట్టుకోవాలి. కింది చేతి వేళ్ళు ఒక్కొక్క పూసనీ జరిపి బట్టకి ఆనించి పట్టుకోవాలి. సూది సరిగ్గా దాని వెనక దిగాలి. పూస పడేది కింది వైపున, కుట్టేవాళ్ళ కంటికి ఆనదు. "నీవల్ల కాదులే" అని అత్తగారు కొత్తలోనే తేల్చేసింది. కోడలు సంతోషంగా ఒప్పేసుకుంది. పోయిన నెల మేడమ్ గొలుసుకుట్టుకి మిషను వస్తోందనీ, ఇకమీదట చేత్తో పూసలు కుట్టేవాళ్ళే ఉంటారనీ చెప్పింది. అప్పటినుంచీ కోడలికి ముద్ద దిగడం లేదు.

ఆ రోజు పొద్దున అత్తగారు తన స్టూలు మీద కూర్చుంది గానీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఇవాళ ఈ మెడపట్టీ నువ్వు కుడతావు," అంది.

కోడలు నవ్వబోయి ఆగింది. అత్తగారు హాస్యాలాడే మనిషి కాదు.

"నాకు రాదు కదా అత్తయ్యా."

"నేర్పుతాను. నాలుగింటికి మేడమ్ చూస్తుంది. అప్పటికి రావాలి."

"మరి మీరు..."

అత్తగారు కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి మగ్గం కర్ర మీద పెట్టింది. ఎవరిదో వస్తువు తెచ్చి పెట్టినట్టు పెట్టింది. "లేచిన కాణ్ణించీ ఇంతే. మొద్దుబారింది. పూస పట్టుకుంటే ఉందో లేదో తెలీట్లేదు."

కోడలి మేనత్తకి ఇలాగే అయింది. పొద్దున చేతిలోంచి గ్లాసు జారింది. కాసేపు పడుకుంటే తగ్గుతుందన్నారు. సాయంత్రానికి మూతి ఓ పక్కకి పోయింది, తెల్లారేసరికి మనిషే లేదు.

"కింద డాక్టరున్నాడు, పోదాం పదండి."

"పోదాం. ఇదయ్యాక."

"మా మేనత్తకి కూడా అత్తయ్యా, ఇట్లాగే..."

"ఊఁ." ఇక చాలనే రకం ఊఁ అది. "నా చెయ్యి పడిందని తెలిస్తే రేపీ పాటికి ఈ స్టూలు మీద ఇంకెవరో ఉంటారు. మిషనొస్తే నువ్వూ ఉండవు. ముందు నీ చెయ్యి నడవనీ. ఆ తర్వాత ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

డాక్టరు అదే మేడ కింది వాటాలో ఉంటాడు. పందొమ్మిది మెట్లు. మేడమ్ గది ఇంకా దగ్గర, తలుపు తీసే ఉంది. కోడలు ఆ తలుపు వంక చూసింది, అత్తగారి మొహం వంక చూసింది, పూసల పళ్ళెం ముందుకి లాక్కుంది.

పూసలు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. నమూనా కాగితంలో ముదురు నీలంతో మొదలై లేత నీలం మీదుగా తెలుపులోకి వెళుతుంది. ఆమె కాగితంలో ఉన్న వరసలోనే దారానికి గుచ్చుకుంది. మగ్గం కింద ఎడమచెయ్యి పెట్టగానే వేళ్ళకి చెమట పట్టింది. మొదటి పూస జారింది. రెండోది సూదికి అడ్డంపడింది. మూడోదాని దగ్గర వంకీకి దారమే దొరకలేదు, సూది ఖాళీగా పైకి వచ్చింది. నేర్చుకునేవాళ్ళు ఒళ్ళో అద్దం పెట్టుకుని కిందివైపు చూసుకుంటారని విని, ఆమె లేసావిడ దగ్గర అద్దం అడగబోయింది.

"అద్దం వద్దు," అంది అత్తగారు. "కంటితో నేర్చుకుంటే చెయ్యి ఎప్పటికీ రాదు. పూసని నొక్కకు. పట్టుకున్నట్టు ఉండాలి, పట్టుకోకూడదు."

ఏం పట్టుకోవడమో, ఏం పట్టుకోకపోవడమో. కోడలి మనసు వేళ్ళ మీద ఉంటే గదా. ప్రతి పూసకీ తలెత్తి అత్తగారి మూతి చూస్తోంది, తిన్నగానే ఉందా అని. "నా మొహం మీద కుడుతున్నావా?" అంది అత్తగారు. కోడలు తల దించుకుంది. రెండు పూసలు పడ్డాక మళ్ళీ చూసింది.

మధ్యాహ్నం అన్నాల వేళకి మూడు వేళ్ళ వెడల్పు వచ్చింది. అత్తగారు టిఫిను డబ్బా మూత తియ్యలేదు, ఆకలి లేదంది. ఎవరూ చూడనప్పుడు కోడలు వంగి మగ్గం కిందినుంచి తొంగిచూసింది. పూసలు వరసగా, ముద్దుగా పడ్డాయి. కాకపోతే ముదురు నీలం ఉండాల్సిన చోట తెలుపు ఉంది. దారానికి చివర గుచ్చిన పూసే బట్టకి ముందు పడుతుందని ఆమెకి తట్టలేదు. ఉత్త దారంతో ఇరవై రెండేళ్ళు కుట్టినవాళ్ళకి అది తట్టే అవసరమూ రాలేదు.

"తిరగబడిందండీ," అంది ఏడుపు గొంతుతో.

అత్తగారు కళ్ళు మూసుకుంది. "గుచ్చేటప్పుడు చివర్నించి మొదలెట్టాలి. నేనే చెప్పలేదు. లాగెయ్."

కోడలు కొస పట్టుకుని లాగింది. గొలుసుకుట్టుకి కొస కట్టకపోతే ఒక్క లాగుకి అంతా ఊడి వచ్చేస్తుంది. పొద్దుటినుంచి పడ్డ కష్టం గుక్క తిప్పుకునేలోగా పూసలై నేల మీద రాలింది. లాగెయ్ అన్న మాట ముద్దగా వచ్చిందని ఆమెకి అప్పుడు తట్టింది. స్టూలు వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"ఎక్కడికి?"

"మేడమ్‌కి చెప్తాను."

"కూర్చో."

నలభై నాలుగేళ్ళ మనిషి. నిండు బిందె ఒంటిచేత్తో ఎత్తగలదు. ఆ ముసలావిడ కావాలన్నా ఆమెని ఆపలేదు. కోడలు కూర్చుంది.

"ఏం కోడలూ, మొహం అలా పాలిపోయిందేం?" అని కిటికీ దగ్గర్నుంచి లేసావిడ అడిగింది. "అత్తగారు చీవాట్లు పెట్టిందా?"

"ఏం లేదక్కా."

ఆ మాట అన్నందుకు ఆమెకి తన మీద అసహ్యం వేసింది. ఈసారి తెలుపుతో మొదలుపెట్టి గుచ్చింది. పూసలు రెండుసార్లు ఒలికాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తగారికి ఏదైనా అయితే తను బతకలేదు, అత్తగారి మాట కాదంటే ఆ కళ్ళలోకి చూడలేదు. త్వరగా కుట్టేస్తే త్వరగా కిందికి పోవచ్చు, ఉన్న దారి అదొక్కటే. అందుకని కుట్టింది.

మూడు గంటలప్పుడు అత్తగారు కుడిచెయ్యి మగ్గం కిందికి పోనిచ్చి, పడ్డ పూసల్ని వేలికొసతో తడుముతూ వచ్చింది. ఒకచోట ఆగింది. "ఇది వదులు." ఇంకొంచెం ముందుకి వచ్చింది. తర్వాత "ఊఁ" అంది. ఆ రకం ఊఁ కోడలు ఇంతకు ముందు వినలేదు. అర్థమవడానికి కాసేపు పట్టింది. బాగుంది అని.

"ఇక ఆగకుండా పో. నేను వెనకాలే వస్తుంటా."

ఆ వేలు నిజంగానే వెనకాలే వచ్చింది. కోడలి ఎడమచెయ్యి పూస జరిపితే, సూది దిగి దారాన్ని అందుకుని పైకొస్తే, అప్పుడే పడిన పూస మీద అత్తగారి వేలు ఆని ముందుకి జరిగేది. పూస, సూది, వేలు. పూస, సూది, వేలు. ఎక్కడో ఒక చోట కోడలి వేళ్ళు గట్టిగా పట్టుకోవడం మానేశాయి. పూసలు వాటంతటవే వరసలోకి వస్తున్నట్టు ఉంది. ముదురు నీలం అయిపోయింది, లేత నీలం వచ్చింది. ఆమె తలెత్తి చూడలేదు. ఎవరి మూతీ, ఏ తలుపూ, ఏ మెట్లూ గుర్తు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు భయం లేకుండా ఆమె ఉన్నది అదే. సంతోషంగా ఉంది. నలభై నాలుగేళ్ళు ఎందుకిలా ఉండలేదా అని కూడా అనుకుంది.

తెలుపు మొదలయ్యే చోట వెనక వస్తున్న వేలు ఆగిపోయింది. ఇక చూడక్కర్లేదని నమ్మకం కుదిరింది కాబోలు అనుకుని కోడలు మురిసిపోయింది. చివరి పూస దాకా కుట్టి, కొస కట్టి, దారం తెంపింది.

నాలుగింటికి మేడమ్ అద్దం పట్టుకుని వచ్చింది. మగ్గం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దావిడ చెయ్యి చీకట్లో కూడా గుర్తుపట్టచ్చు," అంది.

"అది నేను కుట్టానండీ," అంది కోడలు. "అత్తయ్యకి పొద్దున్నించీ ఎడమచెయ్యి పనిచెయ్యట్లేదు. నేను కిందికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే వెళ్ళాలి." ఆ గదిలో అంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ అనలేదు.

మేడమ్ ఆశ్చర్యంగా అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఇంకా మగ్గం కిందే ఉంది. "పెద్దమ్మా," అని మేడమ్ భుజం తట్టింది. ఆ తట్టుకి తల పక్కకి వాలింది.

లేసావిడ పరుగున వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. పందొమ్మిది మెట్లూ ఎక్కి రావడానికి ఆయనకి నిమిషం కూడా పట్టలేదు. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు.

"ప్రాణం పోయి అరగంట అయి ఉంటుంది," అన్నాడు. "ముందుగా ఏమైనా తేడా కనిపించిందా?"

"పొద్దున్నించీ చెయ్యి మొద్దుబారింది," అంది కోడలు.

"పొద్దున్నించా? మీకు తెలుసా?"

"తెలుసండీ."

"మరి చెప్పలేదేమ్మా? నేను కిందే ఉన్నాను కదా."

"భయమేసిందండీ."

"దేనికి?"

దేనికో కోడలు వెతుక్కుంది. దొరకలేదు. చెప్పుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

నలుగురు కలిసి అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకెళ్ళారు. కోడలు కుర్చీ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళింది. సంచీ మర్చిపోయావని ఎవరో అంటే వెనక్కి వచ్చింది. గదిలో ఎవరూ లేరు. సంచీ కోసం మగ్గం కిందికి వంగింది.

అక్కడ అత్తగారి చెప్పు ఒకటి ఉంది. రెండోది కాలికే ఉండి కిందికి వెళ్ళిపోయింది. ఇది ఎప్పుడు జారిందో ఆవిడకి తెలియలేదు, ఎదురుగా కూర్చున్న కోడలూ చూడలేదు. మడమ దగ్గర అరిగిపోయి, బొటనవేలి చోట గుంటపడ్డ ఎడమకాలి చెప్పు, కోడలు పాదాలు పెట్టుకునే చోటికి జానెడు దూరంలో, పక్కకి ఒరిగి పడి ఉంది.