నెట్ దగ్గరి మూల

అక్క మోకాలు పోయింది బాడ్మింటన్ కోర్టులోనే. నెట్ దగ్గర పడబోతున్న కాక్ కోసం ముందుకు దూకితే పాదం నేలకు అతుక్కుపోయింది, మోకాలు మాత్రం పక్కకు తిరిగింది. లోపల లిగమెంటు తెగిన చప్పుడు పక్క కోర్టు వాళ్లకూ వినపడిందట. ఆవిడకైతే ఇప్పటికీ వినపడుతూనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక మంచం మీద ఉన్నన్నాళ్లూ ఇంట్లోవాళ్లను ఆవిడ పెట్టిన బాధ ఇంతా అంతా కాదు. టీ వేడిగా ఉన్నా తప్పే, చల్లారినా తప్పే. మొగుడు పాపం తలగడ సర్దడానికి వచ్చి తిట్లు తిని పోయేవాడు. తొడ కండంతా కరిగిపోయి, అది తన కాలే కాదనిపించేది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేది. కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు బిగించే పనికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక కూడా, బల్ల కింద కాలు చాపుకుని దానికేసి గుర్రుగా చూస్తూ కూర్చునేది.

ఫిజియోథెరపిస్టు మాత్రం ఆవిడను మించిన మొండిఘటం. మెట్లెక్కించింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, చివరికి గెంతించింది.

"మోకాలికి ఇక ఏ లోటూ లేదండీ. వెళ్లి ఆడుకోండి," అని పంపించేసింది.

ఆడటమంటే చెల్లితోనే. పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఇద్దరూ జోడీ. వెనక చెల్లి, నెట్ దగ్గర అక్క. ఇన్నాళ్లూ అక్క స్థానంలో ఒక కొత్తమ్మాయి ఆడింది. అందరూ పొడుగుపిల్ల అంటారు. వాళ్లిద్దరూ పోటీల్లో బాగానే గెలిచారు. అయినా, "నా జోడీ ఎప్పటికీ మా అక్కే," అని చెల్లి ఆసుపత్రిలోనే మాటిచ్చింది. ఆ మాట పట్టుకునే అక్క ఆ పాడు వ్యాయామాలన్నీ పళ్లు బిగించి చేసింది. లేకపోతే ఎవరు చేస్తారు?

తిరిగొచ్చిన కొత్తలో ఆట బ్రహ్మాండంగా సాగింది. వరసగా గెలుపులే. అక్క ముఖంలో కళ వచ్చింది, మొగుడికి తిట్లు తగ్గాయి. కానీ ఒక సాయంత్రం ఆవిడకు అనుమానం తగిలింది. అవతల ఆడుతున్నది టీచరమ్మ. కాక్‌ను నెట్ మీదుగా అవతలి మూలకు జారవిడవడంలో ఆవిడంత గడుసు మనిషి లేదు. అలాంటిది ప్రతి కాక్‌నూ, పసిపిల్లకు ముద్ద అందించినట్టు, అక్క చేతికే పంపిస్తోంది.

అక్క రాకెట్ దించింది. "ఏం టీచరమ్మా, డ్రాప్ వేయడం మర్చిపోయారా?"

టీచరమ్మ చెల్లి వంక చూసింది.

"నేనే వద్దన్నానక్కా," అంది చెల్లి. "నువ్వు మళ్లీ పడితే నేను చూడలేను."

"ఇంకా ఎవరికి చెప్పావు?"

"అందరికీ."

అక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ గెలిచామని మురిసిపోయిందంతా వాళ్లు జాలిపడి పెట్టిందన్నమాట.

"ఇప్పుడు వేయండి. వేయకపోతే మీతో నాకు మాటల్లేవు."

టీచరమ్మ ఇష్టం లేకుండానే వేసింది. కాక్ నెట్ అంచు దాటి మూలలోకి దిగింది. ఒకప్పుడు నిద్రలో లేపినా అక్క తీసేంత తేలికైనది. ఇప్పుడు నొప్పి లేదు, కాలు తూలలేదు. ఆవిడ కదల్లేదు, అంతే.

"ఇంకోటి," అంది.

అదీ పడింది. మూడోదానికి ముందే, ఈసారి వెళ్లి తీరాలని ఒట్టు పెట్టుకుంది. ఒళ్లంతా చెమట పట్టింది. కాలు నేలను వదల్లేదు. వెనక నుంచి చెల్లి దూసుకొచ్చి, అక్కను దాటి, కాక్‌ను లేపేసింది. పాపం, కావాలని చేసింది కాదు.

ఆట ఆగిపోయింది. ఇద్దరూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. అక్కకు భయమేసింది, సిగ్గేసింది. అన్నిటికంటే ఎక్కువగా చెల్లి మీద కోపం వచ్చింది.

"పోటీలకు పొడుగుపిల్లను పిలుచుకో," అంది బూటు తాడు లాగుతూ.

'నీకేమైనా పిచ్చా' అని చెల్లి కసురుతుందని, ఆ మాటతో తనకు మళ్లీ ఊపిరి వస్తుందని ఆవిడ ఆశ. అందుకే తలెత్తకుండా ఎదురుచూసింది.

చెల్లి కళ్లు తుడుచుకుంది.

"పోయిన వారమే అడిగానక్కా," అంది. "వస్తానంది."