ట్రాక్టర్ మీద వచ్చిందెవరు?

జయకృష్ణ తీస్తున్న షార్ట్ ఫిల్మ్‌లో సింధూరికి పెద్ద పనేమీ లేదు. స్కూటర్ బురదలో దిగబడితే బిక్కమొహం వేసుకుని నిలబడాలి. హీరో ట్రాక్టర్ మీద వచ్చి, తాడు కట్టి స్కూటర్‌ని బయటికి లాగి, "బళ్లతో ఆటలాడకు పాపా" అని కళ్లజోడు సర్దుకుంటాడు. అప్పుడామె కళ్లార్పకుండా చూడాలి.

"ఈలోగా నేను ఫోన్ చేసి ఎవరినైనా పిలవచ్చుగా?" అంది సింధూరి.

"నీ ఫోన్‌లో చార్జింగ్ ఉండదు," అన్నాడు జయకృష్ణ.

"హీరో ఫోన్‌లో?"

"హీరో ఫోన్‌లో ఎందుకుండదు? ఫుల్లుంటుంది!"

ఆ హీరో పవన్‌కుమార్. భవానీపురం కుర్రాడు. ముగ్గురిదీ విజయవాడలో ఒకే కాలేజీ. షూటింగేమో పామర్రు దగ్గర సింధూరి వాళ్ల పొలంలో. ట్రాక్టరూ వాళ్లదే.

పవన్‌కుమార్ చొక్కా చేతులు మడిచి, ఠీవిగా సీట్లో కూర్చుని క్లచ్ వదిలాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. రెండోసారి వెనక్కి నడిచింది. అటువైపున్న జయకృష్ణ కెమెరా చంకన పెట్టుకుని గట్టు మీదికి ఉరికాడు.

గట్టు మీదున్న సింధూరి తండ్రి వెంకటకృష్ణారావు మొహమాటంగా దగ్గాడు. "ఏమీ అనుకోబాకు బాబూ. సెలవులకొస్తే ఈ పొలమంతా మా సింధూరే దున్నిద్ది. దాన్ని ఎక్కనీ."

"హీరోయినే నడిపితే ఇక హీరోకి పనేముందండీ?" అని దిగులుపడ్డాడు జయకృష్ణ. కాసేపు ఆలోచించి తనే దారి కనిపెట్టాడు. సింధూరి హీరో చొక్కా తొడుక్కుని తలకి తువ్వాలు చుట్టుకుంటే, దూరం నుంచి తీసెయ్యొచ్చు.

సింధూరికి ఒళ్లు మండింది. వెనకే నవ్వూ వచ్చింది. చొక్కా తొడుక్కుంది. ఇంజను దడదడలాడగానే కోపం సంగతే మరిచిపోయి, బురద చీల్చుకుంటూ వచ్చి సరిగ్గా స్కూటర్ ముందు ఆపింది. తర్వాత చుడీదార్ వేసుకుని, అదే స్కూటర్ పక్కన నిలబడి వణికింది. అలా తనని తనే కాపాడుకుని, తనకేసి తనే కళ్లార్పకుండా చూసింది.

కాలేజీ ఆడిటోరియంలో సినిమా వేసిన రోజు ట్రాక్టర్ షాట్‌కి ఈలలే ఈలలు. పవన్‌కుమార్ దండం పెడదామని లేచాడు. ఈలలు ఆగవే! వాడి చెవులు ఎర్రబడ్డాయి.

సినిమా అయ్యాక ప్రిన్సిపాల్ కృపానందం గారు వాడికి మైకు అందించారు. "ట్రాక్టర్ ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"నాకు రాదండీ," అనేశాడు పవన్‌కుమార్. "అక్కడ నడిపింది సింధూరి."

ప్రిన్సిపాల్ గారు తికమకపడ్డారు. "మరి బురదలో నిలబడిందెవరు?"

"అదీ నేనేనండీ," అంది సింధూరి, సిగ్గుగానే లేచి.

ఆడపిల్లల వరసల్లోంచి లేచిన కేకలకి జయకృష్ణ తల పట్టుకున్నాడు.

ఆ ఆదివారం పవన్‌కుమార్ పామర్రు బస్సెక్కాడు. సింధూరి పక్కన నిలబడి, "మెల్లిగా... ఇంకా మెల్లిగా" అంటుంటే మధ్యాహ్నానికి క్లచ్ వాడి మాట వింది. సరదాగా చూడ్డానికొచ్చిన జయకృష్ణ మాత్రం, ఎంత పిలిచినా గట్టు దిగలేదు.