ఆకుపచ్చ సిరా

ఏబెల్ మాస్టారి పెన్నులో ఆకుపచ్చ సిరా నింపడం గ్లోరియా పని. పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కనాడూ తన పెన్ను తాను కడుక్కున్న పాపాన పోలేదు. చోడవరంలో హైస్కూలు హెడ్మాస్టరు, గెజిటెడ్ ఆఫీసరు. దేవరాపల్లి నుంచీ, బుచ్చయ్యపేట నుంచీ సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని జనం పొద్దున్నే వీధరుగు మీదికి చేరతారు. అసలుతో జిరాక్సుని అక్షరం అక్షరం సరిచూసేది గ్లోరియా. రబ్బరు ముద్ర కొట్టేది గ్లోరియా. ఆయన ఇడ్లీ తింటూ సంతకం గీకుతాడు. దండాలు ఆయనకి, వేళ్ళకి మరకలు ఈవిడకి. ఆ వేళ్ళతోనే కేరేజీ సర్ది, అదే బడిలో సోషలు చెప్పడానికి పరిగెడుతుంది.

బడికి ఆ ఏడాది, అంటే తొంభైతొమ్మిదిలో, పూర్వ విద్యార్థులెవరో రెండు కంప్యూటర్లిచ్చేరు. వేసవి సెలవులు పాడుచేసుకుని ట్రైనింగుకి వెళ్ళింది గ్లోరియా. ఇంచార్జీ పేరు ఆవిడది, తాళం చెవి మాత్రం ఆయన జేబులో. జులైలో ఆయన విశాఖపట్నం మీటింగుకెళ్ళి, ఇంటర్నెట్లోంచి తీసిన కాగితం ఒకటి తెచ్చేడు. కంప్యూటరు వెలుగు పడితే ఆడపిల్లల గర్భసంచి పాడైపోతుందని ఇంగ్లీషులో ఉంది. మర్నాడు దాని జిరాక్సు నోటీసు బోర్డెక్కింది, గుండ్రటి ముద్రతో, పచ్చ సంతకంతో. ఆడపిల్లలు కంప్యూటరు గదిలోకి రాకూడదని కింద ఒక ముక్క. ఆ ముద్ర కొట్టిన చెయ్యి తనదేనని బోర్డు ముందు నిలబడ్డాకగానీ గ్లోరియాకి తెలియలేదు. ఆ పొద్దుటి కట్టలో అదీ కలిసిపోయింది కాబోలు. తలకాయ తీసి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఊళ్ళో ఇంకెవరడుగుతారు? వడ్డాది నుంచి చిన్నతల్లి తండ్రి వచ్చి, గెజిటెడ్ ఆఫీసరు సంతకమే ఉన్నాక ఇంకేటి కావాలి బాబూ అని, కూతుర్ని ఆ గదివేపు పోనివ్వద్దని చెప్పి మరీ వెళ్ళేడు. పదో తరగతిలో ఆ గుంటంత చురుకైన పిల్ల లేదు.

ఇంట్లో అత్తగారు జ్ఞానమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. నెలనెలా ప్రార్థన కూటంలో అందరి ముందూ లేచి, మా కోడలి గొడ్డుతనం పోవాలని ప్రార్థించండమ్మా అని అడిగే మనిషి. ఇప్పుడామెకి ఇంకో ఆయుధం దొరికింది. "ఉన్న లోపం సాలకపోతే ఇంక ఆ వెలుగు కూడానా?" అంది అన్నం పెట్టించుకుంటూ.

లోపం! ఆరేళ్ళ కిందట విశాఖపట్నం ఆస్పత్రిలో మొగుడూ పెళ్ళాలిద్దరికీ పరీక్షలు చేసేరు. రిపోర్టులకి ఆయనొక్కడే వెళ్ళేడు. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, లోపం నీలోనే ఉందన్నారు అన్నాడు. కాగితాలేవంటే బస్సులో పోయేయన్నాడు. పాపం, నన్ను వదిలెయ్యకుండా ఏలుకుంటున్నాడు కదా అని ఆ రోజు ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చింది కూడాను. ఆ ఏడుపు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు సిగ్గుతో ముడుచుకుపోతుంది.

క్లాసులో చిన్నతల్లి లేచింది. "అటెస్టు సేసేరంటే నిజమనే కదండీ మేడమ్?"

కాదమ్మా అంది గ్లోరియా. అసల్లో ఏముందో నకల్లోనూ అదే ఉందని, అంతే. అసలే అబద్ధమైతే నకలూ అబద్ధమే. ఇన్నేళ్ళూ ముద్రలు కొట్టిన మనిషి ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. చాక్‌పీసు తీసి బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసింది. ఎవరు రాసేరు? వాళ్ళకెలా తెలిసింది? మనం నమ్మితే లాభం ఎవరికి?

శనివారం మధ్యాహ్నం ఆరుగురు గుంటల్ని వెంటేసుకుని మెయిన్ రోడ్డు మీద అఫ్రోజ్ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళింది. బూత్ నడిపే అఫ్రోజ్ కొత్తగా నెట్ పెట్టిందక్కడ. బోర్డు మీది కాగితానికి ఇంకో జిరాక్సు తీయించి తెచ్చింది. దాని అడుగున సన్నగా ఉన్న అడ్రసు కొడితే, లైను రెండుసార్లు తెగి, మూడోసారికి అదే పేజీ వచ్చింది. కిందికి జరుపుతూ పోతే ఏబెల్ మాస్టారి కాగితం అయిపోయిన చోట పేజీ అయిపోలేదు. కింద ఇంకా బోలెడుంది. రాసినాయన పేరు లేదు, డాక్టరు ఊసే లేదు. కంప్యూటరుకి అడ్డం పెట్టుకునే అద్దాల బొమ్మలున్నాయి, మా అద్దం కొనండి, మీ ఆడపిల్లల్ని కాపాడుకోండి అని.

"పొద్దస్తమానం దీని ముందే కూకుంటాను. నాకు ముగ్గురు పిల్లలు," అంది అఫ్రోజ్. గుంటలు పకపకా నవ్వేరు. ఒక్కరిని చూసి తేల్చకూడదు, అదీ రాసుకోండి అంది గ్లోరియా, తనకీ నవ్వొస్తున్నా ఆపుకుని. వెతికి వెతికి రెండు పెద్దాస్పత్రుల పేజీలు తీయించింది. పేర్లున్నాయి, తారీఖులున్నాయి, ఎంతమందిని చూసి చెప్పేరో ఉంది. అలాంటి హాని ఏదీ కనబడలేదని రెండింట్లోనూ ఉంది.

చిన్నతల్లి మాత్రం ఇంకా ఆ మొదటి కాగితమే చూస్తోంది. "పైముక్క తెచ్చినోళ్ళు కింది ముక్క ఎందుకు తేలేదండీ?"

ఇంటికొచ్చినా ఆ ప్రశ్న గ్లోరియాని వదల్లేదు.

సోమవారం పొద్దున్న గుంటలు కింది ముక్కనీ, ఆస్పత్రి పేజీల్నీ నోటీసు బోర్డు మీద పచ్చ సంతకం పక్కనే అంటించేరు. చిన్నతల్లి తన తండ్రిని పిలిపించుకుని అతనికి వరసగా తెలుగులో చదివి చెప్పింది. అతను బుర్ర గోక్కుని, సరే నేర్సుకో అన్నాడు.

సాయంత్రం ఏబెల్ మాస్టారు చెప్పులైనా విప్పకుండా మొదలెట్టేడు. "నా సంతకాన్ని ఆడగుంటల సేత పరీక్ష సేయిస్తావా? బడంతా నవ్వుతోంది."

"కాగితాన్ని పరీక్ష చేసేం. సంతకాన్ని కాదు," అంది గ్లోరియా. ఆయన చొక్కా జేబులోంచి తాళం చెవి తీసుకుని తన సంచీలో వేసుకుంది. "ఇంకో కాగితం ఉంది. మన రిపోర్టు. అది నేను చూడలేదు."

"బస్సులో పోయిందని సెప్పేను కదా."

"మనకిచ్చింది పోయింది. ఆస్పత్రిలో రికార్డుంటుంది."

వంటగదిలో జ్ఞానమ్మ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఏబెల్ మాస్టారి మొహంలో కోపం కాస్తా దిగిపోయి భయం కనబడింది. ఆరేళ్ళుగా ఈ మొహం కూడా తనకి చూపించకుండా దాచేడన్నమాట అనుకుంది గ్లోరియా. ఆయన గొంతు తగ్గించి, పాతవన్నీ ఇప్పుడెందుకు, అంతగా కావాలంటే వచ్చే వారం తనే వెళ్ళి నకలు తెచ్చి చూపిస్తానన్నాడు.

గ్లోరియా సిరాబుడ్డీ, కడగని పెన్నూ, రబ్బరు ముద్రా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇంక ఇవి మీరే చూసుకోండి. రేపు మొదటి బస్సుకి నేను వెళ్తున్నాను. నకలు నేనే తెచ్చుకుంటాను. దానికి అటెస్టు అక్కర్లేదు, నాకు చదువొచ్చు."